పవన, సౌర విద్యుత్తుకు మన దేశంలో ఉన్న అవకాశం: ఇన్ని అంకెల్లో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: పాలమూరు పాఠకుడు

అందరికీ నమస్కారం. గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుకుంటున్నాను. దేశంలో పవన విద్యుత్తుకు ఉన్న అవకాశం 302 గిగావాట్లని (ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) ఒక పుస్తకంలో, 695 గిగావాట్లని మరో పుస్తకంలో, 1,164 గిగావాట్లని ఈమధ్యే కొన్న ఒక మాసపత్రికలో కనిపించింది. సౌర విద్యుత్తు విషయంలోనూ ఇదే తంతు. ఇన్నేళ్లుగా అందరూ 748 గిగావాట్లని రాస్తూ వచ్చారు, ఇప్పుడేమో 3,343 అంటున్నారు. పదేళ్లలో ఎండా పెరగలేదు, దేశ విస్తీర్ణమూ పెరగలేదు కదా!

అంకెల తేడా కంటే నన్ను ఎక్కువగా తికమక పెడుతున్న విషయం ఇంకొకటుంది. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరితే అది రికార్డు అయింది. సూర్యుడూ గాలీ కలిసి దానికి ఎన్నో రెట్లు ఇవ్వగలిగినప్పుడు, 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) స్థాపిత సామర్థ్యం అన్న లక్ష్యాన్ని అంత కష్టమైనదిగా ఎందుకు చెబుతున్నారు? ఇప్పటికీ మనం వాడే కరెంటులో నూటికి డెబ్బై పాళ్లకు పైగా బొగ్గు నుంచే ఎందుకు వస్తోంది? తెలంగాణలో పవన విద్యుత్తుకు 120 మీటర్ల ఎత్తు దగ్గర 24.8 గిగావాట్ల అవకాశం ఉందని పట్టికలో ఉంటే, పెట్టిన గాలిమరలన్నీ కలిపి 128 మెగావాట్లే ఎందుకున్నాయో కూడా తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు: మరగాలి

మీరు చూసిన మూడు పవన అంకెలూ సరైనవే. మూడింటినీ లెక్కగట్టింది చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థే. 302 అనేది భూమి నుంచి 100 మీటర్ల ఎత్తున వీచే గాలికి వేసిన లెక్క, 695.5 అనేది 120 మీటర్లకు, 1,163.9 అనేది 150 మీటర్లకు. ఇంకా పాత పుస్తకాలు తిరగేస్తే 50 మీటర్లకు 49 గిగావాట్లని, 80 మీటర్లకు 103 గిగావాట్లని కూడా కనిపిస్తాయి. కనుక ఎత్తు రాయకుండా అంకె మాత్రమే రాస్తే దానికి అర్థం లేదు. మెయిన్స్ జవాబులోనైనా, ఇంకెక్కడైనా ఎత్తును పక్కనే రాయండి.

ఎత్తు మూడింతలైతే అంకె ఇరవై మూడింతలు ఎందుకైందంటే, దానికి రెండు కారణాలున్నాయి. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం ఐదో వంతు పెరిగితే శక్తి దాదాపు ముప్పావు వంతు పెరుగుతుంది. నేలకు దగ్గరగా చెట్లు, ఇళ్లు, గుట్టలు గాలిని అడ్డుకుంటాయి కాబట్టి పైకి వెళ్లేకొద్దీ వేగం హెచ్చుతుంది. దానికంటే పెద్ద కారణం, 50 మీటర్ల దగ్గర పనికిరాదని కొట్టిపారేసిన నేలలు 120 మీటర్ల దగ్గర గిట్టుబాటు హద్దును దాటి లెక్కలోకి వచ్చి చేరడం. తెలంగాణ అందుకు మంచి ఉదాహరణ. 100 మీటర్ల లెక్కలో ఆ రాష్ట్రానికి వచ్చింది 4.2 గిగావాట్లే, 20 మీటర్లు పైకెక్కగానే 24.8 అయింది. ఆంధ్రప్రదేశ్‌కు అదే మార్పులో 44.2 కాస్తా 74.9 అయింది. తెలంగాణది ఆరు రెట్ల పెరుగుదల, ఆంధ్రప్రదేశ్‌ది రెట్టింపు కూడా కాదు. అనంతపురం, కర్నూలు ప్రాంతపు గుట్టల మీద తక్కువ ఎత్తులోనే మంచి గాలి దొరుకుతుంది. తెలంగాణ పీఠభూమి మీద గాలి కోసం పైకి పోవాలి. అంత ఎత్తు స్తంభాలు, పొడవాటి రెక్కలున్న మరలు మన దేశంలో మామూలైంది ఇటీవలే. వాటిని పెట్టేవాడు ముందు రాయలసీమకో, కర్ణాటకకో, గుజరాత్‌కో పోతాడు గాని తెలంగాణకు రాడు. మీ 128 మెగావాట్ల ప్రశ్నకు చాలావరకు జవాబు ఇదే.

సౌర విద్యుత్తు లెక్క ఇంకా తేలిక. జాతీయ సౌర శక్తి సంస్థ 2014లో ప్రతి రాష్ట్రంలోనూ బంజరు భూమి ఎంతుందో తీసుకుని, అందులో 3 శాతం మేర సౌర పలకలు (సోలార్ ప్యానెళ్లు) పరిస్తే ఎంత వస్తుందో లెక్కగట్టింది. వచ్చిన మొత్తం 748.98 గిగావాట్లు. రాజస్థాన్‌కు 142, అప్పటి జమ్మూకశ్మీర్‌కు 111, ఆంధ్రప్రదేశ్‌కు 38.44, తెలంగాణకు 20.41 వచ్చాయి. ఆ 3 శాతం ప్రకృతి పెట్టిన హద్దు కాదు, లెక్క కోసం పెట్టుకున్న ఊహ మాత్రమే. దాన్ని 6 శాతం చేస్తే అంకె రెట్టింపవుతుంది. 2025లో ఇదే సంస్థ తాజా భూ సమాచారంతో, వేరే పద్ధతిలో మళ్లీ లెక్కించగా నేల మీద పరిచే పలకలకే 3,343 గిగావాట్లు తేలింది. అందుచేత నా దృష్టిలో ఇవి వనరు ఎక్కడ మెరుగ్గా ఉందో పోల్చుకోవడానికి పనికొచ్చే అంకెలే తప్ప, ఎంత కరెంటు వస్తుందో చెప్పే అంకెలు కావు.

జవాబు: సీమ నేల

మరగాలి గారు వివరంగా చెప్పారు. అయితే "బంజరు భూమిలో 3 శాతం" అన్న మాటను అంత తేలిగ్గా దాటిపోలేం. మాది నంద్యాల వైపు. ఉపగ్రహ చిత్రంలో బీడుగా కనిపించే నేల, రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా రాసి ఉన్న నేల, ఊళ్లో చాలామందికి బతుకుదెరువు. వానలు పడ్డాక నాలుగు నెలలు గొర్రెల మందలు అక్కడే మేస్తాయి. చుట్టూ కంచె పడిన తర్వాత మా ఊరి కాపరులు మందను వాగు అవతలి గుట్టకు తోలుకెళ్లాలంటే పూర్తిగా చుట్టూ తిరిగి పోవాల్సి వస్తోంది. ఎండాకాలంలో ఆ దూరానికి గొర్రెపిల్లలు తట్టుకోలేవని ఇద్దరు ముగ్గురు మందలు అమ్మేసుకున్నారు. అసైన్డ్ పట్టా ఉన్నవారికి ఎంతో కొంత పరిహారం ముట్టింది. తాతల కాలం నుంచి సాగు చేసుకుంటున్నా కాగితం లేనివారికి, మేపుకునే హక్కు తప్ప మరేమీ లేనివారికి ఏమీ రాలేదు.

నేను ప్లాంట్లకు వ్యతిరేకిని కాను. మా తమ్ముడు అలాంటి చోటే పలకలు కడిగించే పని చూసుకుంటాడు. తెల్లవారకముందే ట్యాంకరు వరుసల మధ్యకు వస్తుంది, పొడవాటి కర్రకు బిగించిన బ్రష్షుతో ఒకరు రుద్దుతుంటే వెనక ఇంకొకరు పైపుతో నీళ్లు కొడతారు. ఎండెక్కాక వేడి పలక మీద నీళ్లు పోయకూడదు కాబట్టి పొద్దెక్కేలోగా ఆ వరుస ముగించాలి. వానలు లేని నెలల్లో పది పదిహేను రోజులు కడగకపోతే దుమ్ము పేరుకుని ఉత్పత్తి పడిపోతుందని అంటాడు. నీళ్లకు కటకటలాడే ప్రాంతంలో ఆ నీళ్లు కూడా లెక్కలోకి రావాలి కదా.

భూమి విషయంలో మన సరిహద్దు అవతల కర్ణాటకలో, తెలుగు వినిపించే పావగడలో, వేరే దారి పట్టారు. అక్కడ 2,050 మెగావాట్ల పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలను కొనకుండా, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం రాసుకున్నారు. అక్కడ కూడా భూమి లేని కూలీలకు ఒరిగింది తక్కువే, కాని భూమి మాత్రం రైతు పేరు మీదే ఉంది. ఇక్కడ కూడా అలా చేసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

జవాబు: కృష్ణా తీరం

జలవిద్యుత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు. 25 మెగావాట్లకు మించిన జలవిద్యుత్ కేంద్రాలను కూడా 2019 మార్చి నుంచి కేంద్రం పునరుత్పాదక వనరుగానే గుర్తిస్తోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తాజా అంచనా ప్రకారం అవకాశం 1,33,410 మెగావాట్లు. అందులో 50,000 మెగావాట్లకు పైగా ఒక్క అరుణాచల్ ప్రదేశ్‌లోనే ఉంది. ఎండ, గాలి మన చేతిలో లేనివి. నీళ్లు కావలసినప్పుడు వదలొచ్చు. అన్నీ వదిలేసి దీన్ని పూర్తిగా వాడుకోవడమే మార్గమని నాకనిపిస్తుంది.

జవాబు: మరగాలి

కాగితం మీద మీరన్నది నిజమే. అరుణాచల్, అస్సాం సరిహద్దులోని దిగువ సుబన్‌సిరి 2,000 మెగావాట్ల ప్రాజెక్టు పనులు 2005లో మొదలయ్యాయి. దిగువ ప్రాంతాలవారి ఆందోళనల వల్ల 2011 నుంచి 2019 దాకా ఆగిపోయాయి. 2023 అక్టోబరులో సిక్కింలో హిమానీనదపు సరస్సు గట్టు తెగి వచ్చిన వరద, చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్టనే కొట్టుకుపోయింది. ఆ కొండల్లో మిగిలిన అవకాశమంతా ఇలాంటి చోట్లే ఉంది. ఇక మన దగ్గర గోదావరి, కృష్ణా, సీలేరుల మీద పెద్ద కేంద్రాలకు అనువైన చోట్లు పోలవరంలోని 960 మెగావాట్లు పోగా చాలావరకు వాడేసుకున్నాం.

జవాబు: రాత్రి షిఫ్టు

నేను కొన్నేళ్లు లోడ్ డిస్పాచ్ విభాగంలో, అంటే ఏ కేంద్రం ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చూసే చోట, పనిచేశాను. పాలమూరు పాఠకుడి అసలు ప్రశ్న, అవకాశం ఇంత ఉండగా బొగ్గు ఎందుకు అన్నది. దానికి జవాబు ఎన్ని గిగావాట్లు అన్నదాంట్లో కంటే, ఏ గంటలో, ఏ లైను మీద అన్నదాంట్లో ఉంది.

ముందు గిగావాట్లను యూనిట్లలోకి మార్చి చూడండి. ఒక మెగావాట్ సౌర ప్లాంటు ఏడాది పొడవునా సగటున తన సామర్థ్యంలో ఐదో వంతు, మంచి చోట్ల నాలుగో వంతు దాకా ఇస్తుంది. ఐదో వంతు లెక్కన ఏడాదికి 17.5 లక్షల యూనిట్లు. మొత్తం 748 గిగావాట్లూ పరిచేసినా వచ్చేది సుమారు 1.3 లక్షల కోట్ల యూనిట్లు. దేశం ఇప్పుడు ఏటా ఉత్పత్తి చేస్తున్నది దాదాపు 1.8 లక్షల కోట్ల యూనిట్లు. కనుక 250 గిగావాట్ల డిమాండ్ పక్కన 748ని పెట్టి మూడు రెట్లు ఉందనుకోవడం కుదరదు. 2025 జూన్ చివరికి దేశపు స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయినా, ఉత్పత్తిలో బొగ్గు వాటా డెబ్బై శాతానికి పైగా ఉండడానికి కారణం కూడా ఇదే.

అయితే అంతకంటే గట్టి చిక్కు గంటల్లో ఉంది. చలికాలంలో ఒక మామూలు రోజు కంట్రోల్ రూములో కూర్చుంటే, మధ్యాహ్నం నాలుగు దాటాక తెర మీద సౌర ఉత్పత్తి గీత జారడం మొదలుపెట్టి ఆరున్నరకల్లా సున్నాకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే ఊళ్లలో దీపాలు వెలుగుతాయి, ఇళ్లలో వంటలు మొదలవుతాయి, దుకాణాలు కిటకిటలాడతాయి. రెండు గంటల వ్యవధిలో తగ్గిన సౌర విద్యుత్తుకూ పెరిగిన వాడకానికీ కలిపి వేరే చోటి నుంచి తెచ్చి పెట్టాలి, ఆ పెట్టడంలో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90కీ 50.05 హెర్ట్జ్‌కీ మధ్యనే నిలబడాలి. జల కేంద్రాలకు ఫోన్ చేసి ఉత్పత్తి పెంచమంటాం, అవి నిమిషాల్లో పెంచేస్తాయి. బొగ్గు కేంద్రానికి అలా కుదరదు. చల్లారిన బాయిలర్‌ను మళ్లీ వేడెక్కించి లైను మీదికి తేవడానికి గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం ఏడింటికి కావలసిన బొగ్గు యూనిట్‌ను (ఒక బాయిలరు, టర్బైను జతను) మధ్యాహ్నం పన్నెండింటికి ఆపేయకుండా, సామర్థ్యంలో 55 శాతం దగ్గర తగ్గించి నడుపుతూనే ఉంటారు. పట్టపగలు ఎండ దండిగా ఉన్నా బొగ్గు కాలుతూ ఉండడానికి కారణం ఇదే, చాలామందికి ఇది వింతగా తోస్తుంది.

మా దక్షిణాది అదృష్టం ఏమిటంటే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు సాయంత్రాలు, రాత్రుళ్లు కూడా బాగా వీస్తాయి. మబ్బు పట్టి సౌర ఉత్పత్తి తగ్గే నెలల్లోనే గాలి హెచ్చుతుంది. ఆ నాలుగు నెలలూ పోతే గాలిమరలు చాలా రోజులు ఊరికే నిలబడి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యాసంగి పంటలకు మోటార్లన్నీ నడిచే వేళ గాలి ఉండదు. దానికి ఒక ఉపాయం మన దగ్గరే అమలైంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లకు (పొలాల మోటార్లకు కరెంటు ఇచ్చే లైన్లకు) పగటిపూటే తొమ్మిది గంటల సరఫరా ఇవ్వడం మొదలుపెట్టాక, మునుపు అర్ధరాత్రి నడిచిన మోటార్లు ఇప్పుడు ఎండ ఉన్న వేళలోనే నడుస్తున్నాయి. రైతుకు రాత్రిళ్లు పొలంలో తేళ్లూ పాముల భయం తప్పింది, గ్రిడ్‌కు మధ్యాహ్నపు మిగులు తగ్గింది. కొత్త పలక ఒక్కటైనా పెట్టకుండానే కలిగిన మేలు ఇది.

ఇక లైన్లు. చెరువు నిండా నీళ్లున్నా తూము ఎంతుంటే అంతే పారుతుంది. సౌర ప్లాంటును ఏడాదిన్నరలో కట్టేయవచ్చు. దాని కరెంటును మోసే 765 కేవీ లైనుకు దారి హక్కులు, అటవీ అనుమతులు అన్నీ కలిపి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. 2025లో రాజస్థాన్‌లో ఇదే జరిగింది. ప్లాంట్లు సిద్ధమయ్యాయి, లైన్లు పూర్తికాలేదు, పట్టపగలు ఉత్పత్తిని తగ్గించుకోమని వాటికి చెప్పాల్సి వచ్చింది. జమ్మూకశ్మీర్ ఖాతాలో ఉన్న 111 గిగావాట్లలో చాలా భాగం లద్దాఖ్ ఎడారిదే. అక్కడి పాంగ్ నుంచి హరియాణాలోని కైథల్ దాకా 713 కిలోమీటర్ల లైను వేయడానికి 2023 అక్టోబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ ప్రాజెక్టు మొత్తం 13 గిగావాట్లకే. మిగతా సుమారు వంద గిగావాట్లు పట్టికలో ఉంటాయి, అంతే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్తుకు యూనిట్ 4.84 రూపాయల చొప్పున పాతికేళ్ల ఒప్పందాలు కుదిరిన కొద్దికాలానికే వేలంపాటల్లో ధరలు మూడు రూపాయల లోపుకు పడిపోయాయి. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఒప్పందాల ధరలు సమీక్షించడానికి కమిటీని వేసింది, వివాదం హైకోర్టుకెక్కింది, 2022 మార్చిలో ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని తీర్పు వచ్చింది. కరెంటు కొని జనానికి పంచే డిస్కంల బాధ నాకు తెలియంది కాదు. కాని ఆ గొడవ తర్వాత ఐదేళ్ల పాటు రాష్ట్రంలో పవన స్థాపిత సామర్థ్యం 4,100 మెగావాట్ల దగ్గరే దాదాపు ఆగిపోయింది. 74.9 గిగావాట్ల గాలి ఉన్నా, పాతికేళ్లు కొంటామన్న మాట మీద నమ్మకం లేకపోతే మర నిలబెట్టడానికి బ్యాంకు అప్పు ఇవ్వదు.

ప్రశ్న అడిగినవారు: పాలమూరు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి షిఫ్టు గారూ, మీ మాట ప్రకారం సాయంత్రపు గంటలే అసలు సమస్య అయితే, మధ్యాహ్నపు మిగులుతో నీళ్లు పైకి ఎక్కించి సాయంత్రం కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు దాన్ని తీర్చలేవా? మన రెండు రాష్ట్రాల్లో ఎలాగూ కొండలూ జలాశయాలూ ఉన్నాయి. ఇంకో చిన్న సందేహం: తెలంగాణలో గాలి అంతంత మాత్రమే అయినప్పుడు అక్కడ చేయగలిగింది ఏమిటి?

జవాబు: రాత్రి షిఫ్టు

చాలావరకు తీర్చగలవు. పైకి ఎక్కించడానికి నాలుగు యూనిట్లు ఖర్చుపెడితే కిందికి వదిలినప్పుడు సుమారు మూడు యూనిట్లు తిరిగి వస్తాయి. మధ్యాహ్నపు యూనిట్ రెండున్నర రూపాయలకు దొరికే రోజుల్లో ఆ నష్టం భరించదగిందే. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర కట్టిన 1,680 మెగావాట్ల కేంద్రం నదికి అడ్డంగా కాకుండా కొండ మీద ఒకటి, కింద ఒకటి జలాశయాలు కట్టి వాటి మధ్యే నీటిని తిప్పే రకం. పూర్తిగా నిండితే అది ఆరు గంటల పాటు పూర్తి సామర్థ్యంతో ఇవ్వగలదు. మీరు అడిగిన సాయంత్రపు గంటలకు సరిగ్గా సరిపోతుంది. 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు ఆ పక్కనే ఉండడం వల్ల ఆ ప్రాంతానికి పెద్ద లైన్లు ముందే వచ్చాయి, అది కూడా కలిసొచ్చింది. నది మీద కట్టని ఇలాంటి చోట్లు మన తూర్పు కనుమల్లోనూ, నల్లమల అంచుల్లోనూ చాలానే ఉన్నాయి. అడవి ఎంత పోతుంది, మొదటిసారి నింపే నీళ్లు ఎక్కడివి అన్న రెండు ప్రశ్నలు ప్రతిచోటా విడివిడిగా అడగాల్సిందే.

తెలంగాణకు వస్తే, అక్కడ పెద్ద పార్కులకు బదులు చిన్న సౌర ప్లాంట్లను మండలాల్లోని సబ్‌స్టేషన్ల దగ్గరే పెట్టించే పద్ధతిని 2015 ప్రాంతంలోనే ఎంచుకున్నారు. పుట్టిన కరెంటు పక్క ఊరి మోటార్లకే పోతుంది కాబట్టి పెద్ద లైన్ల అవసరం, దారి నష్టం తగ్గాయి. దాని విలువను మనం తగినంత గుర్తించలేదని నేనంటాను. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల పలకలు కూడా భూమి తగాదా లేని మార్గమే.

అన్నిటికంటే ముందు తెలంగాణ చేతిలో ఇప్పటికే ఉన్న ఆస్తిని చూడాలి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ, నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలో ఎనిమిదింట ఏడూ రెండు వైపులా తిరగగలిగినవే. అవి నీళ్లు వదిలి కరెంటు ఇస్తాయి, కరెంటు తీసుకుని నీళ్లు వెనక్కి ఎక్కిస్తాయి. కలిపితే 1,600 మెగావాట్లు, అంటే కొత్తగా ఒక్క ఎకరం కూడా అక్కర్లేని పిన్నాపురం అన్నమాట. అయితే వెనక్కి ఎక్కించాలంటే కింది జలాశయంలో తగినంత మట్టం ఉండాలి. సాగునీటి కోసం ఎవరు ఎప్పుడు ఎంత వదలాలన్నది రెండు రాష్ట్రాల మధ్య ఏటా తగాదాగానే ఉంటోంది. ఆ యూనిట్లు పంపు చేసే గంటలకూ మధ్యాహ్నపు సౌర మిగులుకూ జత కుదిర్చే ఏర్పాటును కృష్ణా నది నీటి పంపకాన్ని చూసే కృష్ణా బోర్డు దగ్గర రెండు రాష్ట్రాల ఇంజినీర్లు కూర్చుని రాసుకోగలిగితే, దానికి కొత్త టెండరు కూడా అక్కర్లేదు.

జవాబు: సీమ నేల

పిన్నాపురం గురించి ఒక మాట. మొదటిసారి నింపడానికే కాదు, మా వైపు ఎండలకు ఆవిరైపోయే నీళ్లకు బదులుగా ఏటా మళ్లీ పోయాల్సి ఉంటుంది. గోరుకల్లు నుంచి తీసుకునే ఆ నీళ్ల లెక్క ఆయకట్టు రైతులకు ఏటా సీజన్ మొదట్లోనే చెప్పాలని మేము అడుగుతున్నాం. తీసుకోవద్దని మేమెవరమూ అనడం లేదు.